ఆసుపత్రి ఆవరణలో పొగతాగడం ఆపించాలంటే: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

మీ ఆసుపత్రి ఆవరణలో పొగతాగడం మాన్పించే పని మీ మీద పడిందనుకుందాం. మీరు ప్రభుత్వాసుపత్రిలో ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) కావచ్చు, కార్పొరేట్ ఆసుపత్రిలో అడ్మిన్ మేనేజర్ కావచ్చు, దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్న డాక్టర్ కావచ్చు. మొదటి మీటింగ్‌లో వచ్చే మాటలు ఎక్కడైనా దాదాపు ఒకటే. బోర్డులు పెట్టిద్దాం అంటారొకరు. ఫైన్ వేస్తే దెబ్బకు దారికొస్తారు అంటారింకొకరు. వెనకాల ఒక మూల చూపించి అక్కడే తాగమంటే పోతుంది కదా అనేవాళ్లూ ఉంటారు. వీటిలో ఏది పనిచేస్తుందో, ఏది సగమే పనిచేస్తుందో, దేన్ని అసలు చట్టమే ఒప్పుకోదో ముందే తేల్చుకుంటే చాలా డబ్బు, సమయం మిగులుతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నిషేధం మొత్తం ఆవరణకు ఉండాలి. కానీ దాన్ని అమలు చేసే మనిషి చేతిలో ఈల ఒక్కటే ఉంటే అది నెల కూడా నిలబడదు. ఎందుకో తెలియాలంటే ముందు అక్కడ తాగుతున్నది ఎవరో చూడాలి.

తాగేది ఎవరు

ఉస్మానియాకో, గాంధీకో, నిమ్స్‌కో వచ్చే పేషెంట్లలో చాలామంది జిల్లాల నుంచి వస్తారు. మంచం మీద ఉన్న మనిషి వెంట ఒకరిద్దరు ఇంటివాళ్లు, అంటే అటెండెంట్లు, ఉంటారు. వాళ్లకు వార్డులో చోటుండదు. మెట్ల మీద, చెట్టు కింద, నైట్ షెల్టర్‌లో రోజుల తరబడి గడుపుతారు. ఐదు రూపాయల భోజనం దగ్గర లైన్లో నిలబడతారు. అర్ధరాత్రి మందుల చీటీ చేతికొస్తే షాపుకు పరిగెత్తుతారు, రక్తం కావాలంటే తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తారు. మిగతా సమయమంతా ఎదురుచూపే. జేబులో బీడీ కట్ట ఉన్నవాడు ఆ టెన్షన్‌లో ఏం చేస్తాడో వేరే చెప్పక్కర్లేదు. అతను రూల్‌ను ధిక్కరించాలని తాగడం లేదు. చాలాసార్లు ఆ రూల్ ఒకటుందని కూడా అతనికి తట్టదు.

రెండో వర్గం మన సొంత మనుషులు: వార్డ్ బాయ్‌లు, అంబులెన్స్ డ్రైవర్లు, కాంటీన్ కుర్రాళ్లు, కొన్నిచోట్ల డాక్టర్లు కూడా. చేతికి కాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) ఉండగానే కిందికి దిగి వచ్చి తాగే పేషెంట్లు మూడో వర్గం. వీళ్లు తక్కువే కానీ అందరికంటే ఎక్కువ నష్టపోయేది వీళ్లే.

ఈ ముగ్గురికీ ఒకే మందు పనిచెయ్యదు. మనం చేసే మొదటి పొరపాటు ముగ్గురినీ ఒకే బోర్డుతో సరిపెట్టడం.

చట్టం మీకిచ్చే బలం, దాని హద్దు

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, మనం మామూలుగా కోట్పా అనేది, బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. ఆసుపత్రి భవనాల పేరు ఆ జాబితాలోనే ఉంది. అంతకుముందే 2001లో సుప్రీంకోర్టు మురళీ దేవరా కేసులో ఆసుపత్రులతో సహా బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని ఆపాలని ఆదేశించింది. 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు బాధ్యతను నేరుగా యజమాని మీద, మేనేజర్ మీద, ఇన్‌చార్జి మీద పెట్టాయి. ఫిర్యాదు వచ్చాక కూడా ఇన్‌చార్జి పట్టించుకోకపోతే, ఎంతమంది తాగారో అంతమంది జరిమానా ఆయన కట్టాల్సి వస్తుంది.

బోర్డు ఎలా ఉండాలో కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. కనీసం 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్లు ఉండాలి. ప్రవేశ ద్వారం దగ్గర, ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్ట్ దగ్గర పెట్టాలి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ మనిషి పేరు కనపడాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు ఆ చోట అందుబాటులో ఉండకూడదు. మీ బోర్డులో ఆ పేరు ఉందో లేదో ఒక్కసారి వెళ్లి చూసుకోండి. ఎక్కువ చోట్ల లోపం అక్కడే ఉంటుంది.

హద్దు ఎక్కడొస్తుందంటే, చట్టం మాట ‘ఆసుపత్రి భవనాలు’. బహిరంగ ప్రదేశం నిర్వచనంలో ఖాళీ స్థలం రాదని కూడా అందులోనే ఉంది. తర్వాత వచ్చిన నిబంధనలు బస్టాపు, రైల్వే స్టేషన్, స్టేడియంలాంటి జనం తిరిగే ఆరుబయలు చోట్లకు ఈ మినహాయింపు వర్తించదన్నాయి. అయినా పార్కింగ్ దగ్గరో గార్డెన్ దగ్గరో పట్టుకుంటే "ఇది భవనం కాదు కదా" అని వాదించేవాడు తగులుతాడు. ఆ వాదన మీ గార్డు మీదికి రాకుండా, ఆవరణ మొత్తం నిషేధమని సూపరింటెండెంట్ సంతకంతో ఒక ఆర్డర్ తీసి ప్రతి గేటు దగ్గరా అతికించండి. అదే ఆర్డర్‌లో ఈ-సిగరెట్‌ను కూడా చేర్చండి. 2019 నుంచి దేశంలో దాని అమ్మకమే నేరం కాబట్టి "ఇది పొగ కాదు, ఆవిరి" అనే మాటకు తావుండదు.

హద్దు ఎక్కడ గియ్యాలి

*నిషేధం భవనం లోపల మాత్రమే.* చట్టం కోరే కనీసం ఇదే. ఖర్చు లేదు, గొడవ లేదు. కానీ తాగేవాళ్లంతా తలుపు బయటికి చేరతారు. స్ట్రెచర్ ఎక్కే ర్యాంప్, ఓపీ లైన్, గ్రౌండ్ ఫ్లోర్ కిటికీలు అన్నీ అక్కడే. ఆస్తమాతో వచ్చిన మనిషి పొగ దాటుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. నేను దీన్ని ఎవరికీ సలహా ఇవ్వను.

*భవనం నుంచి ఇన్ని మీటర్లు.* స్కాట్లాండ్‌లో 2022 సెప్టెంబర్ నుంచి ఆసుపత్రి భవనాలకు 15 మీటర్ల లోపు పొగతాగడం చట్టరీత్యా నేరం. అక్కడికక్కడే వేసే జరిమానా 50 పౌండ్లు. విశాలమైన ఖాళీ జాగా ఉన్న చోట ఇది బాగానే ఉంటుంది. హైదరాబాద్‌లో పాత ఆసుపత్రుల సంగతి వేరు. ఒక బ్లాకును ఆనుకుని ఇంకో బ్లాకు, మధ్యలో రేకుల షెడ్డు, దాని పక్కన మందుల షాపు. ఒక భవనం నుంచి 15 మీటర్లు నడిస్తే ఇంకో భవనం గోడ తగులుతుంది. ఆ గీత ఎక్కడుందో గార్డుకూ తెలియదు, తాగేవాడికీ తెలియదు.

*పొగతాగడానికి ఒక మూల.* ఇది చాలామందికి నచ్చే ఆలోచన, అందుకే కాస్త గట్టిగా చెప్పాలి. 2008 నిబంధనలు ప్రత్యేక గదికి అవకాశం ఇచ్చింది కనీసం 30 గదులున్న హోటళ్లకు, కనీసం 30 సీట్లున్న రెస్టారెంట్లకు, విమానాశ్రయాలకు. ఆసుపత్రి అందులో లేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ మూల మంచిది కాదు. కొత్తగా మానేసిన వార్డ్ బాయ్ డ్యూటీ మధ్యలో మళ్లీ మొదలుపెట్టేది అక్కడే. గుండె ఆపరేషన్ అయిన మనిషి కొడుకు, తండ్రికి సిగరెట్ వద్దని డాక్టర్ చెప్పిన గంటకే, అదే ఆసుపత్రి కట్టించిన షెడ్డులో నిలబడి తాగుతాడు. అప్పుడు డాక్టర్ మాటకు విలువేముంటుంది?

*మొత్తం ఆవరణ.* వేల్స్‌లో 2021 మార్చి 1 నుంచి చట్టం దాదాపు ఇదే. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: గేటు లోపల ఎక్కడా తాగకూడదు. గీతలు గియ్యక్కర్లేదు, వివరించక్కర్లేదు. నా ఓటు దీనికే. అయితే దీనికి రెండు దుష్ఫలితాలున్నాయి, అవి తెలిసే మొదలుపెట్టాలి. ఒకటి, పొగ గేటు బయట ఫుట్‌పాత్ మీదికి, చాయ్ బండి దగ్గరికి చేరుతుంది. రెండోది ప్రమాదకరమైనది. తాగేవాళ్లు దాక్కుంటారు.

ఎక్కడ దాక్కుంటారో చూడాలంటే ఫైర్ ఎగ్జిట్ మెట్లు ఎక్కండి. తలుపు మూసుకోకుండా అడ్డంగా ఒక ఇటుక ఉంటుంది. కిటికీ గట్టు మీద సగం నీళ్లున్న థమ్సప్ సీసా ఉంటుంది, నీళ్లు టీ రంగుకు తిరిగి అందులో ముక్కలు తేలుతుంటాయి. గోడ మీద సిగరెట్ నలిపి ఆర్పిన నల్లటి చుక్కలు నడుము ఎత్తులో వరసగా ఉంటాయి. మంటలు వస్తే పేషెంట్లను దించాల్సిన దారి అది. ఇలాంటివే ఇంకా జనరేటర్ గది వెనక, టెర్రస్ మీద నీళ్ల ట్యాంకుల మధ్య, ఆక్సిజన్ ట్యాంకు కంచె పక్కన కనిపిస్తాయి. ఆక్సిజన్ తనంతట తాను మండదు కానీ అది ఎక్కువగా ఉన్న చోట బట్ట, నూనె మరక, కాగితం ఏదైనా క్షణంలో భగ్గుమంటుంది. అందుకని మొత్తం ఆవరణ నిషేధం పెట్టే రోజే ఈ నాలుగు చోట్లకూ రోజుకు రెండు రౌండ్లు ఎవరు తిరుగుతారో పేరు రాసి పెట్టండి. అది చెయ్యలేకపోతే నిషేధం తేదీని వెనక్కి జరపడం నయం.

ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి

మామూలుగా ఈ పని సెక్యూరిటీ గార్డు మీద పడుతుంది. అతను ఏజెన్సీ మనిషి. పన్నెండు గంటల డ్యూటీ, వాహనాలు పంపించాలి, గేటు పాసులు చూడాలి. పైగా చట్ట ప్రకారం జరిమానా వసూలు చేసే అధికారం అతనికి లేదు. ఆసుపత్రిలో ఆ అధికారం డైరెక్టర్‌కు, మెడికల్ సూపరింటెండెంట్‌కు, హాస్పిటల్ అడ్మినిస్ట్రేటర్‌కు ఉంది. రాత్రి వార్డు వెనకాల జరిగే మాటలు ఇలా ఉంటాయి:

"అన్నా, ఈడ తాగద్దు."

"అయిపోయింది తమ్మీ, రెండు దమ్ములే."

"సార్ చూస్తే నా డ్యూటీ పోతది."

"మా నాయనను పొద్దున వెంటిలేటర్ మీద పెట్టిండ్రు. ఏడికి పోవాలె చెప్పు?"

ఆ ప్రశ్నకు గార్డు దగ్గర జవాబు లేదు, ఎందుకంటే మనం అతనికి ఏ జవాబూ ఇవ్వలేదు. అమలు ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే.

జరిమానా సంగతి చూద్దాం. కోట్పా ప్రకారం పై పరిమితి 200 రూపాయలు. కారులో వచ్చి పార్కింగ్‌లో సిగరెట్ వెలిగించే విజిటర్‌కు అది లెక్కే కాదు, కానీ నలుగురి ముందు రసీదు చేతికి తీసుకోవడం గుర్తుండిపోతుంది. సొంత సిబ్బందికి జరిమానా బాగా పనిచేస్తుంది, దానికి మెమో తోడైతే ఇంకా బాగా పనిచేస్తుంది. ఐదు రూపాయల భోజనం తింటున్న అటెండెంట్ దగ్గర 200 లాక్కోవడం మాత్రం అన్యాయం. అది అతని ఒక పూట మందుల డబ్బు. అతని విషయంలో మొదటిసారి మాట, రెండోసారి హెచ్చరిక, మూడోసారే రసీదు అని పెట్టుకోండి. రసీదు పుస్తకం లేకుండా మాత్రం ఒక్క రూపాయి కూడా వసూలు చెయ్యనివ్వకండి. రసీదు లేని జరిమానా వారం తిరక్కముందే మామూళ్లు అవుతుంది, ఆ తర్వాత మీ నిషేధాన్ని ఎవరూ నమ్మరు.

మైకులో అనౌన్స్‌మెంట్ ఖర్చు తక్కువ, ఎవరితోనూ తగాదా ఉండదు. బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు ద్వారాల దగ్గర ఒక బటన్ పెట్టాయి. ఎవరైనా పొగతాగుతుంటే పక్కవాళ్లు దాన్ని నొక్కితే చాలు, దయచేసి ఇక్కడ తాగకండి అని పిల్లల గొంతుతో రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. ఎదురుపడి చెప్పే భయం ఉన్నవాళ్లకు అది మంచి దారి. మన దగ్గర చేస్తే తెలుగు, ఉర్దూ రెండూ ఉండాలి. పాతబస్తీ నుంచి వచ్చే పేషెంట్లున్న చోట ఉర్దూ ముందు రావాలి. అయితే రోజంతా మోగే మైకును మూడో రోజు నుంచి ఎవరూ వినరు. పొద్దున ఓపీ మొదలయ్యేటప్పుడు, సాయంత్రం విజిటర్స్ వచ్చేటప్పుడు, రాత్రి భోజనాల తర్వాత వినిపిస్తే సరిపోతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసేది మాట్లాడే మనిషి. యూనిఫాం లేకుండా, పేరున్న బ్యాడ్జితో, సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఆవరణలో తిరిగే సోషల్ వర్కరో, పేషెంట్ కేర్ వాలంటీరో కావాలి. "పెద్దాయనా, ఎవరు అడ్మిట్ అయ్యిండ్రు? ఏ వార్డు?" అని మొదలుపెట్టి, తర్వాత సిగరెట్ సంగతికి వస్తే ఎదుటివాడు తిరగబడడు. ఒక్క జీతం పెట్టగలిగే స్తోమత ఉంటే దాన్ని ఇంకో గార్డు మీద కాకుండా ఈ మనిషి మీద పెట్టండి.

వద్దన్న తర్వాత చేతిలో ఏం పెడతారు

నికోటిన్ ఆగిన మొదటి రెండు మూడు రోజులే అన్నిటికంటే కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, చేతులు ఊరికే ఉండలేకపోవడం. అటెండెంట్ ఆసుపత్రిలో గడిపే మొదటి రోజులు కూడా సరిగ్గా అవే. దాన్ని తట్టుకోవడానికి నికోటిన్ గమ్ ఉంది, 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది దొరుకుతుంది. దాన్ని చూయింగ్ గమ్‌లా నమలకూడదు. కాస్త నమిలి, ఘాటు తెలిశాక బుగ్గకు ఆనించి ఉంచాలి, మళ్లీ నమలాలి. ఇది చెప్పకుండా ఇస్తే గొంతు మండిందని ఉమ్మేసి మళ్లీ బీడీ వెలిగిస్తారు. ఆసుపత్రి ఫార్మసీలో గమ్ పెట్టించడం, ఎలా వాడాలో ఫార్మసిస్ట్‌తో చెప్పించడం పెద్ద ఖర్చు కాదు.

మానడానికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, ఉచితం. ఈ నంబర్ సిగరెట్ పెట్టెల మీద కూడా ఉంటుంది. మీ బోర్డు మీద ‘నేరం’ అన్న మాట పక్కనే ఇది కూడా రాయించండి. 

ఇన్‌పేషెంట్ల విషయంలో పని అడ్మిషన్ కౌంటర్ దగ్గరే మొదలవ్వాలి. పొగతాగుతారా అన్న ప్రశ్న కేస్ షీట్‌లో ఉంటుంది, జవాబు రాస్తారు, తర్వాత ఎవరూ చూడరు. ఆ జవాబు చూసి మొదటి రోజే గమ్ రాస్తే పేషెంట్ కాన్యులాతో కిందికి దిగడు. ప్లాన్ చేసిన ఆపరేషన్ అయితే కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ఆపరేషన్ తర్వాత సమస్యలు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి తేదీ ఇచ్చే రోజే ఈ మాట కూడా చెప్పాలి.

మానసిక వైద్యశాలల్లో ఇంకో జాగ్రత్త అవసరం. పొగలోని పదార్థాలు కొన్ని మందులను కాలేయం త్వరగా కరిగించేసేలా చేస్తాయి. క్లోజపిన్, ఒలాంజపిన్ అలాంటివి. రోజుకు పెట్టె తాగే మనిషి వార్డులో చేరి ఒక్కసారిగా మానేస్తే, పాత డోసే రక్తంలో ఎక్కువైపోవచ్చు. అక్కడ నిషేధం పెట్టేముందు సైకియాట్రిస్టులతో కూర్చోవడం తప్పనిసరి.

మీ ఆసుపత్రికి ఏది

నర్సింగ్ హోమ్ అయితే ఆవరణ అంటూ పెద్దగా ఉండదు. మెట్లు, సెల్లార్ పార్కింగ్, టెర్రస్. టెర్రస్ తాళం నర్స్ స్టేషన్‌లో పెట్టండి, సెల్లార్‌లో లైటు పెంచండి, రిసెప్షనిస్ట్‌తో మొదటి రోజే చెప్పించండి. వేరే మనిషి అక్కర్లేదు.

కార్పొరేట్ ఆసుపత్రిలో డబ్బుంది, కెమెరాలున్నాయి, జరిమానా కట్టగలిగే విజిటర్లున్నారు. అక్కడ రసీదు పద్ధతి, స్మోక్ డిటెక్టర్లు, ఫైర్ ఎగ్జిట్ తలుపు తెరిస్తే మోగే అలారం బాగా సరిపోతాయి. డ్రైవర్లను మరిచిపోవద్దు. బయట కార్లలో గంటల తరబడి కూర్చునేవాళ్లకు ఒక కూర్చునే చోటు, టీ దొరికే చోటు చూపిస్తే సగం సమస్య తీరుతుంది.

పెద్ద ప్రభుత్వాసుపత్రిలో క్రమం తిరగబడాలి: ముందు మాట్లాడే మనిషి, తర్వాత గమ్, ఆ తర్వాత రౌండ్లు, చివరికి జరిమానా. మెడికల్ కాలేజీయో నర్సింగ్ కాలేజీయో ఆనుకుని ఉంటే చట్టం ఇంకో ఆయుధం ఇస్తుంది. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు. గేటు ఎదురుగా ఉన్న పాన్ డబ్బాకు ఇది వర్తిస్తుంది. కాలేజీ ప్రిన్సిపాల్‌తో స్థానిక పోలీస్ స్టేషన్‌కు, జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసుకు లెటర్ పెట్టించండి. డబ్బా అతనికి చాయ్, బిస్కెట్లు, వాటర్ బాటిళ్లు అమ్ముకునే వీలు ఉండేలా మాట్లాడితే గొడవ లేకుండా పని అవుతుంది. అతనూ బతకాలి.

నిలోఫర్, పేట్లబుర్జు, కోఠి లాంటి పిల్లల, ప్రసూతి ఆసుపత్రుల్లో బయట ఎదురుచూసేది ఎక్కువగా తండ్రులు, మేనమామలు, తాతలు. అక్కడ చట్టం కన్నా బిడ్డ పేరు చెబితే వింటారు. ఇంట్లో పొగ ఉంటే చిన్నపిల్లలకు ఆస్తమా, చెవి ఇన్ఫెక్షన్లు, నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం పెరుగుతాయి. బిడ్డను మొదటిసారి చేతికిచ్చేటప్పుడు నర్స్ ఈ రెండు మాటలు చెబితే ఆ తండ్రి ఇంటికెళ్లాక కూడా మరిచిపోడు.

ఇంకో విషయం. 2016-17 జాతీయ సర్వేలో దేశంలో పొగాకు వాడే పెద్దలు 28.6 శాతం, పొగ రూపంలో వాడేవాళ్లు మొత్తం పెద్దల్లో 10.7 శాతమే. అంటే నమిలేవాళ్లే ఎక్కువ. పొగ ఒక్కటే ఆపితే మెట్ల మూలలు ఇంకా ఎర్రబడతాయి. ఆర్డర్‌లో ‘పొగాకు ఏ రూపంలోనూ’ అని రాసి, ఉమ్మడాన్ని కూడా కలపండి.

ఏది ముందు, ఏది తర్వాత

సిబ్బందితో మొదలుపెట్టండి. గేటు దగ్గర అటెండెంట్‌ను ఆపుతున్న సమయంలో వెనకాల అంబులెన్స్ డ్రైవర్ తాగుతూ కనిపిస్తే ఆ రోజుతో సరి. మానాలనుకునే ఉద్యోగులకు గమ్ ఆసుపత్రి ఖర్చుతో ఇవ్వండి. నెల రోజులు వాళ్ల మీదే దృష్టి పెట్టి, తర్వాతే బోర్డులు మార్చి జనానికి తేదీ ప్రకటించండి.

పనిచేస్తోందా లేదా అన్నది తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. ఫైర్ ఎగ్జిట్ మెట్లు, టెర్రస్, ఆక్సిజన్ కంచె, మెయిన్ గేటు, ఈ నాలుగు చోట్ల వారంలో ఒకే రోజు, ఊడ్చేముందు, పడి ఉన్న సిగరెట్, బీడీ ముక్కలు లెక్కపెట్టించి రిజిస్టర్‌లో రాయించండి. మెట్ల దగ్గర తగ్గి గేటు దగ్గర పెరిగితే జనం మాట వింటున్నారు, ఇక గేటు బయట చాయ్ బండి వైపు వాలంటీర్‌ను పంపాలి. గేటు దగ్గర తగ్గి టెర్రస్ మీద పెరిగితే మీ గార్డులు మరీ గట్టిగా అరుస్తున్నారని అర్థం, రౌండ్లు పెంచి మాట మార్చాలి. నాలుగు చోట్లా అలాగే ఉంటే సిబ్బంది దగ్గరికే మళ్లీ వెళ్లాలి.